రెండు పదకొండు

విజిల్ టీచరుకి కోపం ఎక్కువని స్కూల్లో అందరికీ తెలుసు. పిల్లలకి పరుగు నేర్పే ఆవిడ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు హెడ్మాస్టరు తప్ప ఎవరూ మిగల్లేదు. విజిల్ ఊదితే పిల్లలు ఆగుతారు. ఊదకుండా ఊరికే చూస్తే ఇంకా త్వరగా ఆగుతారు. ఆవిడ భర్త దర్జీ. ఇంటి గేటు ఎంత చప్పుడుతో తెరుచుకుందో విని, మిషను తొక్కడం ఆపాలో వద్దో తేల్చుకుంటాడు.

అయితే ఆ కోపానికి ఒక పద్ధతుంది. పిల్లలు ఓడిపోతే ఆవిడకి కోపం రాదు. ఆలస్యంగా వస్తే వస్తుంది గానీ, మొదటి చుట్టు అయ్యేసరికి పోతుంది. "సుమారుగా" అన్న మాట వింటే మాత్రం ఒళ్లు మండిపోతుంది. సుమారుగా రెండుంపావు నిమిషాలు పట్టింది టీచర్ అని ఎవరైనా అంటే, తన స్టాప్‌వాచీ వాళ్ల ముఖం ముందు పెట్టి, ఇందులో సుమారు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటుంది. స్కూలుకి గ్రౌండు లేదు. వెనక గోడౌన్ల చుట్టూ ఉన్న సిమెంటు రోడ్డునే ఆవిడ టేపు పట్టి కొలిచి, రంగు గీతలు గీసి, గ్రౌండు చేసుకుంది. లారీలు వస్తే పిల్లలు గోడకి అతుక్కుంటారు, పోగానే మళ్లీ పరుగు.

ఆ పిల్లల్లో ఒకత్తె ఆవిడ తమ్ముడి కూతురు. సన్నగా, చప్పుడు చెయ్యకుండా తిరిగే పిల్ల కాబట్టి అందరూ పిట్ట అంటారు. ఇంట్లో ఆవిడని "అత్తా" అంటుంది. గీతల మీద మాత్రం "టీచర్" అనాలి; నోరు జారి అత్తా అంటే ఒక చుట్టు ఎక్కువ. తమ్ముడిది పంక్చర్ల షాపు. మహా మెత్తటి మనిషి. ఎవరైనా గొంతు పెంచితే పంక్చరు వేసి, రెండో టైరుకి కూడా గాలి కొట్టి పంపిస్తాడు. ఒకే కడుపున పుట్టినవాళ్లలో ఒకరికి కోపమంతా పోసి ఇంకొకరికి ఖాళీ గిన్నె ఇచ్చారని టీచరు భర్త అంటుంటాడు. అదీ ఆవిడ ఇంట్లో లేనప్పుడే.

ఆ ఏడు పెద్ద స్టేడియంలో ఎంపిక పోటీలు జరిగాయి. పిట్టది ఎనిమిది వందల మీటర్లు, అంటే రెండు చుట్లు. అమ్మాయిలు చాలామంది కాబట్టి జట్లు జట్లుగా పరిగెత్తించారు. అన్ని జట్లలోనూ కలిపి ఎవరి టైము తక్కువో వాళ్లు నలుగురు ట్రైనింగ్ క్యాంపుకి వెళ్తారు, అక్కడి నుంచి పెద్ద పోటీలకి. పిట్ట తన జట్టులో మొదట వచ్చింది. ఎలక్ట్రానిక్ బోర్డు మీద సరిగ్గా రెండు నిమిషాల పదకొండు సెకన్లు పడింది, చుక్క తరవాత సున్నాలు. టైములు రాసుకునే పెద్దాయన, ఆయన్ని టైము మాస్టారంటారు, రెండు పదకొండు అని పైకి చదివి, కొలిచి కత్తిరించినట్టు వచ్చిందే అని నవ్వాడు. టీచరు నవ్వలేదు గానీ ఇంటికొచ్చే దారంతా బస్సులో నిలబడే ఉంది, పక్కన సీటు ఖాళీగా ఉన్నా.

లిస్టు వచ్చింది. స్టేడియం ఆఫీసు బయట బోర్డుకి అంటించారు. నాలుగు పేర్లున్నాయి. పిట్ట పేరు లేదు.

టీచరు మొదట పిల్ల గీత తొక్కిందేమో, ఎవరైనా ఫిర్యాదు చేశారేమో అనుకుంది. ఆ తరవాత నాలుగో పేరు పక్కనున్న టైము చదివింది. రెండు పన్నెండు దాటి ఉంది. ఇంకోసారి చదివింది. లోపలికి వెళ్లింది.

సెక్రటరీ టీ తాగుతున్నాడు. కూర్చోమన్నాడు. లిస్టు తను వెయ్యలేదనీ, కంప్యూటరే టైముల ప్రకారం వరసగా పేర్చిందనీ, పై నలుగుర్నీ తీసుకున్నారనీ, ఇందులో మనిషి చెయ్యి లేదు కాబట్టి పక్షపాతం కూడా ఉండదనీ చెప్పాడు. అది గొప్ప సంగతన్నట్టు చెప్పాడు.

"మా పిల్లది రెండు పదకొండు. మీ నాలుగో పిల్లది రెండు పన్నెండు మీద తొమ్మిది. ఏది తక్కువండీ?" అని అడిగింది టీచరు.

ఆయన లిస్టు వైపు చూడలేదు. ఆవిడ వైపు చూశాడు. "మీ మేనకోడలు కదూ? బాధగానే ఉంటుంది లెండి."

టీచరు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఆవిడ అరవలేదు. ఆవిడ్ని ఎరిగినవాళ్లకి తెలుసు, అరవకపోతేనే భయపడాలి. "మేనకోడలు కాకపోతే రెండు పదకొండు రెండు పన్నెండు కంటే ఎక్కువవుతుందా?" అంది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఏమన్నా ఉంటే రాసివ్వమనీ, క్యాంపు అయ్యాక కమిటీ చూస్తుందనీ అన్నాడు. క్యాంపు అయ్యాక చూసి ఏం చేస్తారని ఆవిడ అడిగితే, పద్ధతి అంతేనన్నాడు. పడిన కుర్చీని తనే నిలబెట్టి, బయటికొచ్చింది. ఆ కుర్చీ ఎందుకు నిలబెట్టానా అని ఆ తరవాత చాలాసార్లు తిట్టుకుంది.

సాయంత్రం తమ్ముడి షాపుకెళ్లింది. సంగతంతా విని తమ్ముడు చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "పోనీలే అక్కా, పెద్దవాళ్లతో మనకెందుకు. వచ్చే ఏడు చూసుకుందాం" అన్నాడు. వచ్చే ఏడుకి పిట్టకి వయసు దాటిపోతుంది, ఈ విభాగంలో పరిగెత్తనివ్వరు. ఆ మాట తమ్ముడికి ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. మళ్లీ చెప్పింది, ఈసారి వీధంతా వినేలా. తమ్ముడు తల దించుకుని, గాలి పోయిన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో వెతుక్కున్నాడు.

పిట్ట షాపు వెనక మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు ఊడదీస్తోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని టీచరు తరవాత అనుకుంది.

"అత్తా, నేను నిజంగా రెండు పదకొండే పరిగెత్తానా?"

"బోర్డు నువ్వూ చూశావు కదే."

"చూశాననే అనుకున్నా. కానీ అంతమంది చూసి వేశారు కదా లిస్టు. నేనే తప్పు చూశానేమో. నెమ్మదిగానే పరిగెత్తానేమో."

పేరు పోతే పోరాడి తెచ్చుకోవచ్చు. పిల్ల తన కాళ్లనే నమ్మడం మానేస్తే ఎవర్ని అడిగి తెచ్చుకోవాలి? ఆ రాత్రి దర్జీ భర్త కంచం ముందు పెడితే ఆవిడ తిట్టుకుంటూనే తింది. ఎవర్ని తిడుతోందో ఆయన అడగలేదు, అన్నం మాత్రం ఇంకోసారి వడ్డించాడు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి మళ్లీ స్టేడియానికి వెళ్లింది. ఈసారి సెక్రటరీ గది తలుపు తట్టలేదు. మెట్ల కింద, సామాన్లు పెట్టుకునే గదిలాంటి గదిలో కంప్యూటర్ ఆపరేటరు కూర్చుంటాడు. తల నెరుస్తున్న మనిషి, ఎవరొచ్చినా ముందు సంజాయిషీ మొహం పెడతాడు. చుట్టూ పాత ట్రోఫీలు, విరిగిన హర్డిల్స్. లిస్టు ఎలా వేశారో చూపించమంది టీచరు. సెక్రటరీగారిని అడిగి చూపిస్తానన్నాడు. అడిగేదాకా ఇక్కడే నిలబడతానంది. ఆ నిలబడే తీరు చూసి ఆయన అడగకుండానే తెరిచాడు.

టైము మాస్టారు బోర్డు చూసి కొట్టిన టైములతో ఆయన మిషను నుంచి వచ్చేది మామూలు డేటా ఫైలు. పేరు, ఛాతీ నంబరు, టైము, మధ్యలో కామాలు, అంతే. లిస్టు వేసేటప్పుడు ఆపరేటరు దాన్ని స్ప్రెడ్‌షీటులో తెరిచి, టైముల నిలువు వరసని పట్టి చిన్నదాని నుంచి పెద్దదానికి వరస పెట్టి, పై నాలుగు వరసలూ కాపీ చేసి, ఫైలు మూసేశాడు. ఇప్పుడు టీచరు వెనక నిలబడి చూస్తుంటే కిందికి జరుపుతూ పోయాడు. రెండు ఇరవై, రెండు ముప్ఫై, మధ్యలో కాలు మడతపడి కుంటుకుంటూ వచ్చిన పిల్ల రెండు యాభై ఎనిమిది. దాని కింద, అందరికంటే కింద, పిట్ట పేరు. పక్కన రెండు పదకొండు.

"ఇదేంటి, ఇక్కడుంది?" అన్నాడు ఆపరేటరు తనలో తను.

దాని మీద నొక్కాడు. పైన సన్నటి పట్టీలో ఆ టైము పూర్తిగా కనిపించింది. తెల్లవారుజామున రెండు గంటల పదకొండు నిమిషాలు. దాని పైనున్న పిల్ల టైము మీద నొక్కాడు. అర్ధరాత్రి పన్నెండు దాటి రెండు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. ఆయన ముఖం పాలిపోయింది. అప్పుడు విడమరిచి చెప్పాడు. మిగతా పిల్లల టైముల్లో చుక్క పెట్టి చివర ఏదో ఒక అంకె ఉంది, కాబట్టి షీటు వాటిని నిమిషాలూ సెకన్లూ అనుకుంది. పిట్టది సరిగ్గా పదకొండు కాబట్టి మాస్టారు చుక్కా సున్నా కొట్టకుండా వదిలేశారు. చుక్క లేకపోయేసరికి షీటు దాన్ని గంటలూ నిమిషాలూ అనుకుంది. అంకె చూస్తే అదే అంకె, అర్థం మాత్రం మారిపోయింది.

"అంటే మా పిల్లకి రెండు చుట్లు తిరగడానికి రెండు గంటల పదకొండు నిమిషాలు పట్టిందని."

"షీటు లెక్కన అంతే టీచర్."

"రెండు గంటల్లో మా ఆయన మోకాళ్ల నొప్పులతో బజారుకెళ్లి, దారాలు బేరమాడి కొనుక్కుని, ఇంటికొచ్చి పడుకుంటాడు. మీకు అనుమానం రాలేదా?"

కింద దాకా చూడలేదనీ, పై నలుగురూ చాలన్నారనీ, సాయంత్రంలోగా లిస్టు కావాలన్నారనీ ఆయన నీళ్లు నమిలాడు. గబగబా ఆ గడిని మామూలు అక్షరాలుగా మార్చబోయాడు. రెండు పదకొండు పోయి, సున్నా చుక్క సున్నా తొమ్మిది అంటూ ఒక పొడుగాటి తోక వచ్చింది. ఆయన కంగారుగా వెనక్కి తిప్పాడు. లాభం లేదన్నాడు. తెరిచేటప్పుడే చెప్పాలి, ఈ నిలువు వరసని లెక్కగా తీసుకోకు, ఉన్నదున్నట్టు ఉంచు అని. తెరిచాక షీటు దగ్గర పిల్ల టైము ఉండదు, దాని సొంత లెక్క మాత్రమే ఉంటుంది. పైగా తను మూసేటప్పుడు దాని మీదే సేవ్ చేశాడు. ఛాతీ నంబర్ల ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోయాయని అప్పుడు చూసుకున్నాడు. సున్నా నలభై ఎనిమిది ఉత్త నలభై ఎనిమిది అయి కూర్చుంది.

టైము మాస్టారికి ఫోన్ చేశారు. ఆయన మిషనులో అసలు ఫైలు అలాగే ఉంది, పంపించాడు. ఈసారి ఆపరేటరు దాని మీద రెండుసార్లు నొక్కి తెరవలేదు. ముందు ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి ఫైలుని లోపలికి పిలిచాడు. ఒక్కో నిలువు వరసా ఏ రకమో అది అడుగుతుంటే, ఛాతీ నంబరుకీ టైముకీ రెండింటికీ టెక్స్ట్ అని చెప్పాడు. సున్నాలు ఎక్కడివక్కడే నిలిచాయి. టైములు మాస్టారు కొట్టినవి కొట్టినట్టే వచ్చాయి. వరస పెట్టాడు. పిట్ట మూడో పేరు. నాలుగో పేరున్న పిల్ల ఐదుకి దిగింది.

"ఇలాగే తెరవాలని నాకు తెలుసు టీచర్. తొందరలో చెయ్యలేదు" అన్నాడు ఆపరేటరు.

ఆ మాటతో ఆవిడ మనసు కరగాల్సింది. కరగలేదు. "తెలియకపోతే తెలియదని ఊరుకునేదాన్ని" అని, ప్రింటు తీసుకుని మెట్లెక్కింది.

సెక్రటరీ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. పొరపాటు జరిగిందన్నాడు, కంప్యూటర్ పొరపాటన్నాడు. లిస్టు కింద సంతకం కూడా కంప్యూటరే పెట్టిందా అని టీచరు అడిగింది. ఆయన, క్యాంపు మొదలైపోయింది కదా, మంచాలు నాలుగే, బట్టలు నలుగురికే వచ్చాయి అని మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి గొంతు మెత్తబరిచాడు.

"సరే, మీ మాటే కానిద్దాం. ఆ చివరి పిల్లని ఇంటికి పంపించేస్తాను. వాళ్లమ్మకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

టీచరుకి ఆయన ఎత్తు అర్థమైంది. ఈయన చేసిన తప్పుని ఈవిడ చేత్తో దిద్దించి, ఆ పిల్ల ఉసురు ఈవిడకి చుట్టాలని చూస్తున్నాడు. ఒళ్లంతా కారం పూసినట్టయింది.

"ఎవర్నీ పంపక్కర్లేదు. ఐదో మంచం వెయ్యండి."

"రూల్సు ఒప్పుకోవు టీచరుగారూ."

"పిల్ల రెండు గంటలు పరిగెత్తిందంటే ఒప్పుకున్న రూల్సు, ఐదో మంచానికి ఒప్పుకోవా?"

ఆలోచిస్తానన్నాడు. ఆయన ఆలోచించింది ఏమిటో మర్నాడు తెలిసింది. బడి వదిలే వేళకి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ఆస్పత్రి ఆయా బట్టలు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది. ఆ చివరి పిల్ల తల్లి. సెక్రటరీ ఫోన్ చేసి, ఫలానా టీచరు తన మేనకోడల్ని పెట్టించుకోవడానికి మీ పిల్లని తీయించాలని చూస్తోందని చెప్పాడట.

"నీ వాళ్లకోసం నా పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తావా?" అంది ఆ తల్లి, మంచీ మర్యాదా లేకుండా. పిల్లలంతా చుట్టూ మూగారు. టీచరు కూడా అంతకు రెండింతలు గొంతెత్తి, నీకా మాట చెప్పినవాడి ముఖాన అడగమంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా కాసేపు అరుచుకున్నారు. పిల్లలు తమ టీచరుకి సమానంగా అరిచే మనిషిని మొదటిసారి చూశారు. చివరికి టీచరు సంచిలోంచి ప్రింటు తీసి ఆవిడ చేతిలో పెట్టి, జరిగింది చెప్పింది. ఆ తల్లి ఒక్కో పేరూ వేలు పెట్టి చదువుకుంటూ దిగింది. ఐదో పేరు దగ్గర వేలు ఆగింది.

"మరి ఎంపికైందని మాకెందుకు చెప్పారు?" అంది. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. "పెట్టె సర్ది పంపాను. వార్డులో అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు రమ్మంటే అది ఏ ముఖం పెట్టుకుని వస్తుంది? దాని తప్పేముంది?"

"ఏం లేదు. మీ పిల్ల తప్పూ లేదు, మా పిల్ల తప్పూ లేదు" అంది టీచరు.

ఇద్దరూ ఒకే బస్సెక్కి స్టేడియానికి వెళ్లారు. స్నేహం ఏమీ కలవలేదు. కోపం పోవాల్సిన చోటు ఒకటే అయింది, అంతే.

ఇద్దర్నీ కలిపి చూసేసరికి సెక్రటరీ లేచి నిలబడ్డాడు. ఆయా ఎక్కువ మాట్లాడలేదు. "ఫోన్లో నాకు ఈవిడ పేరు చెప్పారు. మీ పేరు ఎందుకు చెప్పలేదు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కదలనన్నట్టు చేతులు కట్టుకుంది. ఆయన అటూ ఇటూ ఫోన్లు చేశాడు. క్యాంపులో మంచం దొరికింది. అంత సులువుగా దొరికే మంచం నిన్న ఎందుకు దొరకలేదో ఆయన చెప్పలేదు. ఉత్తరం టైపు చేయించి సంతకం పెట్టాడు. అందులో పిట్ట పేరు పక్కన "అదనం" అని ఉంది.

టీచరు మళ్లీ భగ్గుమంది. మూడో స్థానంలో ఉన్న పిల్ల అదనం ఎలా అవుతుంది, వరస సరిగ్గా వేసి ఆ మాట కొట్టెయ్యమంది. వరస సరిగ్గా వేస్తే అదనం అన్న మాట ఐదో పిల్లకి వెళ్తుంది, ఎవరో ఒకరి పక్కన ఆ మాట లేకపోతే పైవాళ్లు పాస్ చెయ్యరన్నాడు సెక్రటరీ. చెప్తూ చెప్తూ ఆయా వైపు చూశాడు. ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని నేల చూపులు చూస్తోంది. టీచరు ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు మింగిన మాట ఆవిడకి ఇప్పటికీ అరగలేదు. అన్యాయం చేసినవాడు కుర్చీలో చల్లగా కూర్చుని, తమ ఇద్దరి మధ్యా ఆ మాటని పడేసి, ఎవరు ఏరుకుంటారో చూస్తుంటే, తనే ఏరుకుంది.

పిట్ట క్యాంపుకి వెళ్లింది. వెళ్లాక మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, ఇక్కడి కోచ్ నన్ను ఎక్స్‌ట్రా అని పిలుస్తున్నాడత్తా అంది.

"నువ్వేమన్నావ్?"

"నేను మూడోదాన్నని చెప్పాను. ఆయన వినలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను."

"ఎంత గట్టిగా?"

"నీలాగా" అంది పిట్ట. టీచరు ఫోన్ పెట్టేసి, కోచ్ మీదికి వెళ్లడానికి బస్సు ఎప్పుడుందో చూడమని భర్తని అడిగింది. ఆయన రేపు చూస్తానన్నాడు. మర్నాడు కూడా రేపే చూస్తానన్నాడు.

పెద్ద పోటీల్లో పిట్ట ఆరోది వచ్చింది. ఆయా కూతురు నాలుగోది వచ్చింది. ఆ రోజు పిట్ట కంటే ఆ పిల్లే బాగా పరిగెత్తింది, టీచరే ఆ మాట అంది. ఆయాకి ఫోన్ చేసి కూడా చెప్పింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మంచి మాట అదొక్కటే.

స్టేడియం ఆఫీసు బోర్డు మీద పాత లిస్టు చాలాకాలం అలాగే ఉంది. టీచరు పిల్లల్ని తీసుకుని వెళ్లిన ప్రతిసారీ దాన్ని మార్చమని అడిగేది. సెక్రటరీ అయిపోయినదానికి ఇప్పుడెందుకనేవాడు. ఈవిడ వస్తోందంటే ఆయనకి ఏదో ఒక మీటింగ్ పడేది. ఒకసారి వెళ్లేసరికి పాత కాగితం లేదు. ఆపరేటరు ఎవర్నీ అడక్కుండా కొత్త ప్రింటు తీసి అంటించాడు. నలుగురి పేర్లు కాదు, పరిగెత్తిన అందరి పేర్లూ ఉన్నాయి, ఛాతీ నంబర్ల ముందు సున్నాలతో సహా. ఆయన మెట్ల కింద గది గుమ్మంలో నిలబడి, ఆవిడ ఏమంటుందోనని చూస్తున్నాడు. టీచరు కాలు మడతపడిన పిల్ల దాకా మొత్తం చదివి, పిల్లల్ని వరసలో నిలబడమని విజిల్ ఊదింది. కోపం ఇంకా తగ్గలేదు.